నాలుగో అంశం కింద ఒక వాక్యం

గూడ్రున్ హెస్పెలర్ షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నది పదహారేళ్ల వయసులో, నెకార్ నది ఒడ్డున ఉన్న వాణిజ్య పాఠశాలలో. అక్కడి పంతులమ్మ బల్లల మధ్య నడుస్తూ ఒకే మాట చెప్పేది. "అన్నది రాయండి. అనుకున్నది రాయకండి." తక్కిన పిల్లలు ఆ మాట పరీక్ష అయిపోగానే మరిచిపోయారు. గూడ్రున్ మరిచిపోలేదు. అందులో ఆమె గొప్పతనమేమీ లేదు. ఆమెకు ఏదీ మరిచిపోవడం చేతకాదు, అంతే.

పద్దెనిమిదో ఏట కార్ల ఫ్యాక్టరీలో టైపిస్టుగా చేరింది. వాళ్ల నాన్న అదే ఫ్యాక్టరీ పోతగదిలో ఇనుము కరిగించేవాడు. శనివారాలు కొండవాలులో ద్రాక్షతీగలు కత్తిరించేవాడు. పెళ్లి ఒకటి కుదిరినట్టే కుదిరి తప్పిపోయింది. ఎందుకు తప్పిందో ఆమె చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ముప్పై ఆరో ఏట పొగ విభాగానికి మార్చారు. ఇంజను వదిలే పొగలో విషం ఎలా తగ్గించాలా అని చూసే విభాగం అది. దాని పెద్ద డాక్టర్ ఐసెలె. అప్పటినుంచి ఇరవై మూడేళ్లు ఆమె ఆయన గది ముందు గదిలోనే కూర్చుంది. ఆయన ఆమెను "హెస్పెలర్ గారూ" అనేవాడు. ఆమె "డాక్టర్ గారూ" అనేది. ఆయన పుట్టినరోజుకు ఆమె తులిప్ పూలు తెచ్చి బల్లమీద పెట్టేది. ఆమె పుట్టినరోజుకు ఆయన చేయి కలిపేవాడు. ఒకరి ఇంటికి ఒకరు వెళ్లలేదు. అది లోటని ఇద్దరికీ తోచలేదు.

ఏడాదికి నాలుగుసార్లు నాలుగు కంపెనీల పొగ ఇంజనీర్లు ఒకచోట కూడేవారు. రోడ్డుమీద వాళ్ల కార్లు ఒకదాన్నొకటి దాటిపోవాలని చూసేవి. గదిలో మాత్రం వీళ్లు చదువుకునే రోజులనుంచీ ఎరిగినవాళ్లు. ఒకరి పిల్లల పేర్లు ఒకరికి తెలుసు. ఈసారి ఒక ఊళ్లో, వచ్చేసారి ఇంకో ఊళ్లో. ఎక్కడ కూడినా చర్చ రాసేది గూడ్రునే. ఒకసారి బవేరియా కంపెనీవాళ్లు తమ గుమాస్తాతో రాయించారు. ఆ కాగితం చూసి లెక్నర్ అనే వాళ్ల ఇంజనీరే, "ఇది చిరిగిన మేజోడులా ఉంది, ఆవిణ్ణే పిలవండి" అన్నాడు. ఆనాటినుంచి గూడ్రున్ రైలెక్కి వెళ్లేది. చర్చలో ఎవరు ఏమన్నారో అంశాలవారీగా అంకెలు వేసి, టైపు చేసి, నాలుగు కంపెనీలకూ పంపేది. తర్వాతి సమావేశంలో మొదటి అంశం ఎప్పుడూ ఒకటే. పోయినసారి రాసినదాన్ని ఆమోదించడం.

"దిద్దుబాట్లేమైనా ఉన్నాయా?"

ఉండేవి కావు. ఒప్పుకున్నామన్నట్టు ఎనిమిదిమంది ముడుచుకున్న వేళ్లతో బల్ల తట్టేవాళ్లు. ఎనిమిది పొట్టి సంతకాలు పడేవి. ఇరవై ఏళ్లలో ఎనభై మూడు సమావేశాలు, ఒక్క దిద్దుబాటు లేదు. ఈ సంగతి గూడ్రున్ ఎవరితోనూ అనలేదు. కానీ ఆ అంకె ఆమెకు తెలుసు.

పదకొండేళ్ల కిందటి నవంబరులో సమావేశం వీళ్ల ఊళ్లోనే జరిగింది. ఆమె వెన్న రాసిన ప్రెట్సెళ్లు, ముడివేసినట్టుండే రొట్టెలు, తెప్పించి బల్ల మధ్య పెట్టింది. మూడో అంశం లెక్నర్‌ది. గుండె ఆపరేషనుకు వెళ్తున్నానని, రెండు నెలలు రానని చెప్పాడు.

"రాసుకోండి హెస్పెలర్ గారూ," అన్నాడు. "మూడు చోట్ల కోస్తారట. మూడని కూడా రాయండి. నాకేం సిగ్గు? రెండే కోయించుకున్నాడని రేపు వీళ్లు నన్ను తక్కువ చేస్తారు."

నాలుగో అంశం తొట్టి. పొగలో విషాన్ని చంపడానికి నీళ్లలాంటి ద్రావణం ఒకటి చిమ్మాలి. ఆ ద్రావణానికి కారులో ఒక తొట్టి ఉండాలి. తొట్టి ఎంత పెద్దదైతే పొగ అంత శుభ్రం. ఐసెలె తన కాగితాలు ముందు పెట్టాడు.

"ముప్పై లీటర్లుండాలి. దానితో విషం సగానికి సగం పడిపోతుంది. లెక్కలు ఇవిగో."

"లెక్కలు మా దగ్గరా ఉన్నాయి," అన్నాడు లెక్నర్. "డిక్కీలో చోటే లేదు. మా కారు కొనేవాడు గోల్ఫ్ సంచి పెట్టుకోవడానికి కొంటాడండీ, పొగగొట్టంలోకి తొంగిచూడటానికి కాదు."

నవ్వారు. ఐసెలె కూడా నవ్వాడు.

"చట్టం అడిగినంతకు ఎంత చాలు?" అన్నాడు మూడో కంపెనీ ఆయన.

"పదహారుతో గట్టెక్కుతాం," అన్నాడు లెక్నర్.

"అయితే పదహారే. మీరొక్కరే ముప్పై పెడితే మేమంతా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? వాళ్లు చెయ్యగలిగారు, మీకేం రోగమని అడుగుతారు. ఒకరు పైకి పోతే అందరం పోవాలి. ఎవరూ పోవద్దు."

ఐసెలె తన కాగితాలు ఒకదానిమీద ఒకటి సర్దుకున్నాడు. తర్వాత వేళ్లు బల్లను తట్టాయి. ఆయన వేళ్లు కూడా.

"ఇది రాయనక్కర్లేదు, హెస్పెలర్ గారూ," అన్నాడు. "కాస్త ఆ కిటికీ మూయండి, చలిగాలి కొడుతోంది."

ఆమె కిటికీ మూసి వచ్చింది. తర్వాత రాసింది. ముప్పై లీటర్లని ఐసెలె అన్నది రాసింది. పదహారని అందరూ ఒప్పుకున్నది రాసింది. దాని కింద ఇంకో వాక్యం: ఈ విషయం నమోదు చేయనక్కరలేదని డాక్టర్ ఐసెలె కోరారు. కిటికీ మాట రాయలేదు. అది సమావేశానికి సంబంధించింది కాదు.

ఫిబ్రవరిలో లెక్నర్ ఊళ్లో మళ్లీ కూడారు. లెక్నర్ బరువు తగ్గి, కుర్చీలో వదులుగా కూర్చున్నాడు. దిద్దుబాట్లేమైనా ఉన్నాయా అన్నారు. బల్ల తట్టారు. ఎనిమిది సంతకాలు పడ్డాయి. ఐసెలె సంతకం అందరికంటే పైన ఉంది. ఆయన చదివాడు, బాగానే ఉందనుకున్నాడు, అనుకుంది గూడ్రున్. ఆ కాగితాన్ని బూడిదరంగు అట్టలో పెట్టి బీరువాలో సర్దింది.

అటుతర్వాత నాలుగు కంపెనీలూ పదహారు లీటర్ల తొట్టితో కార్లు అమ్మాయి. పదేళ్లు అమ్మాయి. లెక్నర్ ఆపరేషను తట్టుకుని, ఉద్యోగం చేసి, రిటైరయ్యి, మెట్లమీద జారిపడి చనిపోయాడు.

పదకొండో ఏడు నాలుగింట్లో ఒక కంపెనీ చడీచప్పుడు లేకుండా బ్రస్సెల్స్ వెళ్లి, పోటీ చట్టం చూసే అధికారుల ముందు కూర్చుని అంతా చెప్పేసింది. ముందు చెప్పినవాడికి శిక్ష లేదు. రెండోవాడికి కొంత తగ్గింపు. తక్కిన మూడు కంపెనీలూ బీరువాలు తెరవడానికి పరుగెత్తాయి. ఏ బీరువాలో ఏముందో చాలామందికి తెలియదు. గూడ్రున్ బీరువాలో మాత్రం ఎనభై మూడు బూడిదరంగు అట్టలు తేదీల వరసలో ఉన్నాయి. హాంబర్గ్ నుంచి కంపెనీ రప్పించిన లాయర్లు వాటిని చక్రాల బండిమీద మూడో అంతస్తుకు తీసుకుపోయారు. ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది.

రెండు వారాల తర్వాత కంపెనీ బోర్డు ఒక మాట తేల్చేసింది. తప్పని తెలిసి చేసినవాళ్లు ఉద్యోగం వదలాలి. తెలియక చేసినవాళ్లు ఉండవచ్చు. తెలిసి చేశాడని చూపించడానికి ఒక్కొక్కరి దగ్గర ఏముందా అని లాయర్లు వెతుకుతున్నారు. ఐసెలె దగ్గర ఒక వాక్యం ఉంది. తప్పు లేనివాడు రాయొద్దని ఎందుకంటాడు?

మంగళవారం పదింటికి మూడో అంతస్తుకు రమ్మని గూడ్రున్‌కు చీటీ వచ్చింది.

ఆ ముందటి శనివారం మెట్లు శుభ్రం చేసే వంతు ఆమెది. వంతు ఎవరిదో వాళ్ల తలుపుకు వేలాడే చెక్కపలక ఆ వారమంతా ఆమె తలుపుకు ఉంది. మూడు అంతస్తుల మెట్లూ ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, వాకిలి మెట్ల దగ్గరకు వచ్చేసరికి కింద ఇంటి జైసరమ్మ కిటికీలోంచి మెడ చాచింది. ఆవిడకు ఎనభై ఆరేళ్లు. కన్ను మాత్రం ఇంకా పదును.

"గూడ్రునమ్మా, ఎవరో కోటు వేసుకున్నాయన వస్తున్నాడు. తడి మెట్లమీద కాలు పెట్టొద్దని చెప్పు."

ఐసెలె వీధిలోనే ఆగిపోయాడు. టోపీ చేతిలో పట్టుకున్నాడు.

"పని కానివ్వండి, హెస్పెలర్ గారూ. నాకు తొందరేం లేదు."

ఆమె పని కానిచ్చింది. నాలుగు మెట్లు మిగిలాయి. తుడిచింది, గుడ్డ పిండింది, గుమ్మం పక్క తూము జల్లెడ ఎత్తి ఆకులు తీసింది. ఆయన నిలబడే ఉన్నాడు. మెట్లు ఆరాయో లేదో జైసరమ్మ కిటికీలోంచి చూసి, "ఇప్పుడు రావచ్చు," అంది ఆయనతో. "మీ ఇంటి మెట్లు ఎవరు తుడుస్తారు బాబూ?"

"పనివాళ్లు వస్తారమ్మా."

"ఓహో," అని ఆవిడ కిటికీ వేసుకుంది.

వంటింట్లో కూర్చోబెట్టి గూడ్రున్ సోడా నీళ్లు పోసింది. జడలా అల్లిన తీపి రొట్టె ఒక ముక్క కోసి ముందు పెట్టింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. చన్నీళ్లలో చాలాసేపు ఉన్న ఆమె వేళ్లు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. వాటిని ఒడిలో పెట్టుకుంది.

"మంగళవారం పిలిచారా?" అన్నాడు.

"పదింటికి."

"నన్ను పోయిన వారం పిలిచారు. ఆ టామ్ అనే లాయరమ్మ మూడు గంటలు కూర్చోబెట్టింది. గుర్తులేదన్నాను. గుర్తులేదన్న మాట ఎన్నాళ్లు నిలుస్తుంది?"

"మీరన్నారు, డాక్టర్ గారూ."

"అన్నానేమో."

"అన్నారు. కిటికీ మూయమని కూడా అన్నారు."

ఆయన తలూపాడు. కిటికీ అవతల కొండవాలులో ద్రాక్షతీగలు బోసిగా ఉన్నాయి. ఎవరో కత్తిరించిన కొమ్మలు మోపుకడుతున్నారు.

"రిటైరవడానికి నాకింకా మూడేళ్లుంది," అన్నాడు. "మా ఆవిడకు ఈ సంగతి ఇంకా చెప్పలేదు. ముప్పయ్యొక్క ఏళ్లు ఆ పొగ వెనకాలే తిరిగాను. ముప్పై లీటర్లు కావాలన్నవాణ్ణి నేనొక్కణ్ణే. అదీ మీ కాగితంలో ఉంది కదా?"

"ఉంది."

"దాన్ని ఎవరూ చూడరు. కింద వాక్యమే చూస్తారు." గ్లాసు కొంచెం పక్కకు జరిపాడు. "హెస్పెలర్ గారూ, ఆ వాక్యం మూడు వేళ్ల ఎత్తు పైన ఉంటే ఏమీ లేదు. మూడో అంశం లెక్నర్ ఆపరేషను. ఒక మనిషి ఒంటి సంగతి కాగితం మీద ఎందుకని నేను వద్దన్నాను. అది మర్యాద. టైపు చేసేటప్పుడు వాక్యం ఒక అంశం కిందికి జారింది. అంతే. ఎవరికైనా జరుగుతుంది."

"లెక్నర్ గారు రాయమన్నారు. మూడు చోట్లని కూడా రాయమన్నారు."

"ఆయన పోయి రెండేళ్లయింది."

గోడమీద గడియారం ఉంది. దాని చప్పుడు ఆమె చాలా ఏళ్లుగా వినలేదు. ఇప్పుడు వినబడింది.

"ఫిబ్రవరిలో ఆమోదించారు," అంది. "మీ సంతకం ఉంది. మీరు చదివారు కదా?"

"చదివుంటే ఆ రోజే తీయించేవాణ్ణి కాదా?" అన్నాడు. నెమ్మదిగా, ఆమెను బుజ్జగిస్తున్నట్టే అన్నాడు. "అవన్నీ ఎవరు చదువుతారండీ? మీరు రాశారంటే సరిగ్గానే ఉంటుందని అందరం సంతకం పెట్టేవాళ్లం. ఎనిమిదిమందిలో ఒక్కడూ చదవలేదు. ఒట్టు."

ఆయన అది మెచ్చుకోలుగానే అన్నాడు. ఆ సంగతి ఆమెకూ తెలిసింది. వెళ్లేటప్పుడు రొట్టెముక్క కాగితంలో చుట్టిచ్చింది. ఆయన తీసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం చెల్లెలు ఎల్స్‌బెట్ భోజనానికి వచ్చింది. ఎల్స్‌బెట్ రొట్టెల దుకాణంలో నిలబడి ముప్పై ఏళ్లు అమ్మింది; నిలబడీ నిలబడీ కాళ్లు, అరిచీ అరిచీ గొంతు రెండూ లావెక్కాయి. గూడ్రున్ ఉడికించిన ఆలుగడ్డ ముక్కలు పుల్లని సిర్కాలో కలుపుతూ జరిగింది చెప్పింది. పంతులమ్మ ముందు పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"ఇరవై మూడేళ్లు," అంది ఎల్స్‌బెట్. "ఇరవై మూడేళ్లు ఆ మనిషికి కాఫీ పోశావు. ఒక్కనాడు నీ గడప తొక్కాడా? ఇప్పుడు కాలు కాలితే వచ్చాడు. వచ్చి నిన్నేం అడిగాడు, నువ్వు తప్పు చేశానని చెప్పమన్నాడు."

"వాక్యం జారిందని చెప్పమన్నాడు."

"జారింది ఆయన కాలు అక్కా, నీ వాక్యం కాదు."

"ముప్పై లీటర్లు కావాలన్నది ఆయనొక్కడే."

"అని? అంతా పదహారంటే తనూ బల్ల తట్టాడా లేదా?"

గూడ్రున్ ఆలుగడ్డలు కలుపుతూనే ఉంది.

"నా కొడుకు బిడ్డకు ఉబ్బసం," అంది ఎల్స్‌బెట్. గొంతు తగ్గింది. "పెద్ద రోడ్డు పక్కన ఇల్లు. వాళ్ల కార్లన్నీ ఆ కిటికీ కిందనుంచే పోతాయి. నేనేం అననులే. ఎవడి కారు పొగ ఎవడి ఊపిరిలోకి పోయిందో దేవుడికే తెలియాలి. కానీ నువ్వు రాసింది నిజమా కాదా?"

"నిజమే."

"మరింకేం?"

"ఎవరూ చదవలేదట."

ఎల్స్‌బెట్ ఫోర్కు కింద పెట్టి అక్క ముఖంలోకి చూసింది. అందులో ఏమీ కనపడలేదు. కోపం లేదు, ఏడుపు లేదు. చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు ఇలాగే ఉండేదని ఆమెకు గుర్తొచ్చింది. ఒళ్లు కాలిపోతున్నా ఏమీ లేదనేది.

"తిను," అంది ఎల్స్‌బెట్.

తిన్నారు. ఉప్పు సరిపోయిందా అని గూడ్రున్ అడిగింది. సరిపోయిందంది ఎల్స్‌బెట్. తనకు రుచి తెలియడం లేదని గూడ్రున్ చెప్పలేదు.

మంగళవారం మూడో అంతస్తులో టామ్ ఆమెకోసం లేచి నిలబడింది. నలభై ఏళ్లుంటాయి. ఉత్తరాదివాళ్ల మాట, కత్తిరించినట్టుంది. బల్లమీద మాటలు పట్టే చిన్న యంత్రం, నీళ్ల సీసా, బూడిదరంగు అట్ట ఒకటి ఉన్నాయి.

"ముందు ఒక మాట చెప్పాలి," అంది టామ్. "ఎనభై మూడు సమావేశాలూ చదివాను. మొదటినుంచి చివరిదాకా. రెండోసారి కూడా చదివాను. నా వృత్తిలో ఇలాంటివి చూడలేదు. ఎవరేమన్నారో గొంతుతో సహా వినబడుతుంది. లెక్నర్ గారి ఆపరేషను దగ్గర గట్టిగా నవ్వాను. మిగతా కంపెనీలు చింపేసిన కాగితాల ముక్కలు అతికించుకుంటున్నాయి. మేం బ్రస్సెల్స్‌కు మొహం చూపించగలిగేది మీ వల్లే."

గూడ్రున్ ఆమె చేతులవైపు చూసింది. గోళ్లు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. కాగితాలు తిప్పే చేతులు. ఈమె చదివింది, అనుకుంది. రెండుసార్లు చదివింది. మనసులో ఏదైనా కదులుతుందేమోనని ఆగి చూసుకుంది. కదలలేదు.

టామ్ అట్ట తెరిచింది. "నాలుగో అంశం. కింది వాక్యం. ఇది డాక్టర్ ఐసెలె అన్నారా?"

"అన్నారు."

"దేని గురించి?"

గూడ్రున్ కిటికీలోంచి బయటకు చూసింది. టామ్ తొందరపెట్టలేదు. కింద ఆవరణలో కొత్త కార్లు ఒకదాని వెనక ఒకటి లారీ ఎక్కుతున్నాయి.

"మూడో అంశం గురించి," అంది గూడ్రున్. "లెక్నర్ గారి ఒంటి సంగతి. ఆ వాక్యం అక్కడ ఉండాలి. టైపు చేసేటప్పుడు కిందికి జారింది."

టామ్ కలం కదలలేదు.

"కానీ లెక్నర్ గారు రాయమన్నట్టు మీరే రాశారు."

"ఆయన రాయమన్నారు. డాక్టర్ గారు వద్దన్నారు. నేను రెండూ రాశాను. ఒకటి జారింది."

"తర్వాతి సమావేశంలో ఇది మార్పులు లేకుండా ఆమోదం పొందింది. ఎనిమిదిమంది సంతకాలు. వాక్యం తప్పుచోట ఉంటే, అదీ ఇలాంటి వాక్యం, ఒక్కరైనా చెప్పరా? డాక్టర్ ఐసెలె అయినా చెప్పరా?"

"ఎవరూ చదవరు."

"ఏమన్నారు?"

"వాటిని ఎవరూ చదవరు," అంది గూడ్రున్. "సంతకం పెడతారు."

ఇది మాత్రం నిజం. చెప్పడం కూడా ఇదే తేలికైంది. టామ్ ఆ మాట రాసుకుంది. తర్వాత యంత్రం ఆపి, ముందుకు వంగింది.

"హెస్పెలర్ గారూ, మీరు వెళ్లి కాఫీ తాగి రండి. పావుగంట తీసుకోండి. నేనివి చదివానని మరచిపోకండి. జారే చెయ్యి కాదు ఇది."

"కాఫీ వద్దండి."

"ఇలా జారిందంటే మిగతావాటి సంగతేమిటని బ్రస్సెల్స్ అడుగుతుంది. ఇంకెక్కడైనా జారిందా?"

గూడ్రున్‌కు ఎనభై మూడు అట్టలూ వరసగా తెలుసు. ఎక్కడా జారలేదు. జారలేదని చెబితే ఈ ఒక్కటీ ఎలా జారిందని అడుగుతారు.

"జారి ఉండొచ్చు," అంది.

టామ్ ఆమెను కొంతసేపు చూసింది. తర్వాత యంత్రం మళ్లీ వేసి, అదే ప్రశ్న మళ్లీ అడిగింది. అదే జవాబు వచ్చింది. అట్ట మూసింది. వెళ్లేటప్పుడు లేచి నిలబడలేదు.

నెల తిరిగేసరికి నివేదిక వచ్చింది. ఆ వాక్యం గురించి అందులో రెండు వరుసలున్నాయి. టైపింగులో జరిగిన పొరపాటుగా టైపిస్టే ఒప్పుకున్నందున, డాక్టర్ ఐసెలెకు తెలుసునని చెప్పడానికి ఆధారం చాలదు. ఈ టైపిస్టు రాసిన మిగతా కాగితాలను వేరే రుజువు ఉన్నచోట మాత్రమే నమ్మడం మంచిది. ఆ నివేదిక ప్రతిని ఫైలు చేయవలసింది గూడ్రునే. ఫైలు చేసింది.

ఐసెలె తన గదిలోనే ఉండిపోయాడు. నివేదిక వచ్చిన రోజు పొద్దున ఆమె బల్లముందు ఆగి చేయి కలిపాడు. పుట్టినరోజునాడు కలిపినట్టే. వసంతం రాగానే విభాగం సమావేశాలు రాసే పని ఒక కుర్ర ఇంజనీరుకు అప్పగించాడు. ఇప్పుడందరూ యంత్రంలోనే కొట్టేస్తున్నారు హెస్పెలర్ గారూ, మీకెందుకు శ్రమ అన్నాడు. సరేనంది. ఆ సాయంత్రాలు మూడున్నర రైలుకు వెళ్లిపోయేది. ఇంటికి వెళ్లాక ఏం చేయాలో మొదటి కొన్నాళ్లు తెలియలేదు. తర్వాత అదీ అలవాటైంది.

బ్రస్సెల్స్ తీర్పు రెండేళ్లకు వచ్చింది. పప్పు ఉడుకుతుంటే రేడియోలో విన్నది. ముందు చెప్పిన కంపెనీకి జరిమానా లేదు. తక్కిన మూడింటికీ వేశారు. చెప్పిన అంకెలో సున్నాలెన్నో ఆమె లెక్కపెట్టలేదు. చట్టం అడిగినంత చేశామంటే చాలదు, అంతకు మించి చేయగలిగీ ఒకరినొకరు ఆపుకోవడమే నేరం, అని ఎవరో ఆడమనిషి చదివింది. తర్వాత వాతావరణం చెప్పారు. ఎల్స్‌బెట్ ఫోను చేసింది.

"విన్నావా అక్కా?"

"విన్నాను."

"మీ వాళ్ల షేరు పెరిగిందట. జరిమానా ఇంతేనా అనుకుని జనం కొన్నారట."

"అలాగా."

"నువ్వెలా ఉన్నావు?"

"పప్పు అడుగంటుతోంది," అంది గూడ్రున్. అడుగంటడం లేదు.

ఆ నెలలోనే విభాగానికంతటికీ ఒక పాఠం పెట్టారు. పోటీ కంపెనీలవాళ్లతో ఏం మాట్లాడాలి, ఏం మాట్లాడకూడదు, ఏది కాగితం మీద పెట్టాలి. చెప్పడానికి బయటినుంచి ఒకాయన వచ్చాడు. ముప్పైమంది కూర్చున్నారు, సగంమంది కొత్తవాళ్లు. గూడ్రున్ ప్రెట్సెళ్ల పళ్లెం తెచ్చి బల్లమీద పెడుతోంది. ముందువరసలో ఐసెలె కాలుమీద కాలు వేసుకుని తీరిగ్గా ఉన్నాడు. వచ్చే ఏడు రిటైరవుతాడు. ముఖం నునుపు తేలింది.

"రాతలో ఒక్క చిన్న తప్పు ఎంత దూరం పోతుందో మీకెవరికైనా అనుభవమా?" అన్నాడు పాఠం చెప్పే ఆయన.

"నాకుంది," అన్నాడు ఐసెలె. కొత్తవాళ్లవైపు తిరిగాడు. "నా ఉద్యోగమే పోవాల్సింది. ఎవరిదో ఆపరేషను సంగతి, మర్యాదకోసం రాయొద్దన్నాను. ఆ వాక్యం టైపులో ఒక అంశం కిందికి జారింది. అంతే, లాయర్లు పట్టుకున్నారు. తప్పు చేసినవాళ్లు ఎవరో అనుకునేరు. మన హెస్పెలర్ గారే. ఈ ఫ్యాక్టరీ మొత్తం మీద ఆవిడంత జాగ్రత్తపరులు లేరు. ఆవిడకే జరిగిందంటే మీరెంత?"

నవ్వులు వినబడ్డాయి. వెక్కిరింపు కాదు, మంచి నవ్వులే. గూడ్రున్ పళ్లెం పట్టుకునే ఆయన ముఖంలోకి చూసింది. ఏదో ఒకటి కనపడుతుందనుకుంది. ఒక రెప్పపాటు. ఒక చిన్న తడబాటు. ఆయన కళ్లు తేటగా, స్నేహంగా ఉన్నాయి. ఆయన అబద్ధం చెప్పడం లేదు. అలాగే జరిగిందని నమ్ముతున్నాడు.

"అవునాండీ?" అన్నాడు పాఠం చెప్పే ఆయన, ఆమెవైపు తిరిగి.

గది ఆమెకోసం ఆగింది.

"అవునండి," అంది గూడ్రున్. "మూడో అంశం కింద ఉండాల్సింది."

పళ్లెం కింద పెట్టి, ప్రెట్సెళ్లు అందరికీ అందేలా కొంచెం ముందుకు జరిపింది.